బుంగా చెప్పిన మాట, మేం ఆడిన నాటకం

రిటైరయ్యాక నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. "ఆంటీ, మేం కూడా పాత సాక్ష్యాలతో నాటకం వేద్దామనుకుంటున్నాం, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే, అవతల టైపు కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. మధ్యలో "ఓకే ఓకే, సూపర్" అంటారు. ఏం సూపరో నాకు తెలియదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి విసుగొచ్చి, ఇక అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

నేను ఎన్ని నాటకాలకు దర్శకత్వం వహించానో, దాతో బిరుదున్న ఏ పెద్దాయన నాకు శాలువా కప్పాడో ఇందులో ఉండదు. మా నాన్న ఈ మలయ్ దేశంలోనే, హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గర ఎస్టేట్‌లో పనిచేశాడు. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి గొర్రెలను వరసలో నిలబెట్టడంతో నా వృత్తి మొదలైంది. ఆ గొర్రెలు చెప్పిన మాట వినేవి కావు. తరవాత క్లాంగ్‌లో ఒక నాటక బృందంలో చేరి, అక్కడే తల నెరిశాను. ఆ గొర్రెలే నయమనిపించిన రోజులు చాలా ఉన్నాయి.

అందులో ఒక్క నాటకం గురించి చెబుతాను. నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే దాంట్లోనే ఉంది.

కాగితం మీద ఉన్నది

మన దేశంలో అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు ఒరాంగ్ అస్లీలు. వాళ్ళలో సెమాయ్ అనే జనం పెరాక్ కొండల్లో ఉంటారు. ఇంగ్లీషువాళ్ళ పాలన చివర, అడవిలో తిరుగుబాటు నడిచిన ఎమర్జెన్సీ రోజుల్లో, కమ్యూనిస్టులకు తిండి పెడుతున్నారన్న అనుమానంతో, ఇంగ్లీషువాళ్ళు అలాంటి ఊళ్ళను ఖాళీ చేయించి ముళ్ళకంచె వేసిన శిబిరాల్లో పెట్టారు. జనం చనిపోయారు, పిల్లలైతే మరీను. అలాంటి ఒక శిబిరం గురించి ఒక దొర కూర్చుని విచారణ జరిపాడు. ఆ విచారణ కాగితాల నకళ్ళు మా బృందానికి దొరికాయి. అందులో బుంగా అనే సెమాయ్ స్త్రీ సాక్ష్యం ఉంది. దాన్నే మేం నాటకం చేయాలి.

సాక్ష్యం పెద్దదేం కాదు. నువ్వు నీ ఇష్టంతోనే శిబిరానికి వచ్చావా అని దొర అడుగుతాడు. లారీలు వచ్చాయి అంటుంది బుంగా. అది కాదు, ఇష్టంతో వచ్చావా? లారీలు వచ్చాయి, సిపాయిలు ఎక్కమన్నారు. తిండి సరిపోయిందా? బియ్యం ఇచ్చారు. పిల్లలు ఏ జబ్బుతో పోయారు? పొద్దున వచ్చిన దొరకు చెప్పాను. నాకు చెప్పు. కంచె లోపల పెట్టారు, చనిపోయారు. సరే, నీ ఇష్టంతోనే వచ్చావా? లారీలు వచ్చాయి.

దాని కింద బ్రాకెట్లో ఒక ముక్క ఉంది: సాక్షి తికమకపడుతోంది.

బుంగా మలయ్‌లో చెప్పింది. దొరకు ఇంగ్లీషు కావాలి. మధ్యలో కూర్చుని తర్జుమా చేసి, దొర చెప్పింది చెప్పినట్టు రాసిన గుమాస్తా మన తెలుగాయన. సెమాయ్ మనిషి బాధ, మలయ్ మాట, తెలుగు చెయ్యి, ఇంగ్లీషు కాగితం. మళ్ళీ దాన్ని మేం మలయ్‌లో ఆడాలి. ఇన్ని చేతులు మారిన మాట ఇంకా మాటలా మిగలడమే వింత.

ఈకలు, డప్పు, పొగ

మా బృందానికి పెద్ద హమీద్. మంచివాడే. కానీ ఖాళీ స్టేజీని చూస్తే అతనికి భయం. ఆ కాగితాలు చదివిన మర్నాడే తలకు కట్టుకునే ఈకలు, ఒక పెద్ద డప్పు, పొగ మెషీను తెప్పించాడు.

"ఈకలు ఎవరు పెట్టుకున్నారు హమీద్?" అని అడిగాను. మేం మలయ్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. నన్ను కక్ అనేవాడు, అంటే అక్క.

"అడవి మనుషులని ప్రేక్షకులకు తెలియాలి కదా."

"ఆమె విచారణకు వచ్చింది. పండక్కి రాలేదు."

"కక్ ఎస్తేర్, నువ్వు ప్రతిదానికీ కాగితం చూపిస్తావు. కాగితానికి టికెట్లు తెగవు."

ఈకలు వెనక్కి పంపించడానికి వారం పట్టింది. డప్పుకు ఇంకో వారం. పొగ మాత్రం చివరిదాకా నా వెంట పడింది. ఇలాంటి గొడవలు చిన్నవని మీరు అనుకుంటారు. అనుకోవద్దు. మన వృత్తిలో సగం జీవితం, అక్కర్లేని వస్తువులను స్టేజీ మీద నుంచి తోసేయడంలోనే పోతుంది.

తరవాత అతను రాతప్రతి మీద పడ్డాడు. "లారీలు వచ్చాయి అని మూడు చోట్ల ఉంది. ఒకసారి చెబితే చాలు," అని ఎర్ర పెన్నుతో రెండు కొట్టేశాడు. నేను మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాడు. "ఎందుకు ఉంచాలో ఒక్క కారణం చెప్పు," అన్నాడు.

నా దగ్గర కారణం లేదు. "ఆమె చెప్పింది కాబట్టి," అన్నాను. అదే నా పద్ధతి. సాక్షి మాట మనకు అనవసరంగా అనిపిస్తే, అనవసరమైంది మాట కాకపోవచ్చు. అర్థం కాకపోయినా ఉంచాలి. మీరు నటుల నోట్లో పెట్టేది ఎవరో నిజంగా అన్న మాట. దాన్ని నున్నగా చెక్కే హక్కు మీకు ఎవరూ ఇవ్వలేదు.

బుంగా వేషానికి హమీద్ నోర్మాను తెచ్చాడు. టీవీ సీరియళ్ళలో ఏడిచి పేరు తెచ్చుకున్న నటి. కష్టపడుతుంది, టైముకు వస్తుంది, అందరికీ తినడానికి కరిపాప్ తెచ్చిపెడుతుంది. కానీ "లారీలు" అన్న మాట రాకముందే కళ్ళల్లో నీళ్ళు. నేను ఆపమంటే, "ఇంత దుఃఖానికి ఏడవకపోతే ఎలా కక్?" అనేది. పైగా కాగితంలో తికమకపడుతోంది అని ఉంది కదా. అందుకని బిత్తర చూపులు చూస్తూ, చేతులు నలుపుకుంటూ, వణుకుతూ ఏడిచేది. చూసినవాళ్ళందరికీ గుండె కరిగేది. నాకు తల నొప్పెట్టేది.

తాతగారి పార్టు

డబ్బు పెట్టడానికి ఇపో అనే ఊళ్ళో ఒకాయన ముందుకొచ్చాడు. సూర్యనారాయణ గారు, హార్డ్‌వేర్ వ్యాపారం. ఆ కాగితాలు రాసిన గుమాస్తాకు సాక్షాత్తూ మనవడు. ఆ మాట విని మొదట నేనే సంతోషించాను. తరవాత ఫోన్లు మొదలయ్యాయి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా.

"ఏటి ఎస్తేరమ్మా, మా తాత పార్టు మరీ సిన్నదైపోనాది లా. ఊరికే కూకుని రాస్తాడేటి?"

"ఆయన పని అదే కదా అన్నా."

"కాదు లా. ఆడమనిషి అలగ ఏడుత్తుంటే మా తాతకి మనసు కరగదా? ఓ కన్నీటి సుక్క ఎట్టండి. దొర ఎనకాల నిలబడి, 'ఇది అన్యాయం సార్' అని ఒక్క మాట అనిపించండి."

"అలా అన్నాడని ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

"సెప్పలేదు. కానీ అనుంటాడు లా. మంచోడు."

మంచివాడే అయుంటాడు. నేను చూశానా? గుమాస్తా వేషం వేసిన డేవిడ్‌కు కూడా ఇదే కావలసి వచ్చింది. డేవిడ్ మా చర్చి మనిషే, నలభై దాటినవాడు, ప్యూచోంగ్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటు. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే తడబడతాడు. "ఆంటీ, నేను ఉత్తగా రాస్తానే ఉంటే ఆడియన్స్ నన్ను సూడరు లా. కొంచెం ఫీలింగ్ పెడదామా?" అన్నాడు.

"నువ్వు ఫీలింగ్ పెడితే అబద్ధం. రాయి."

"ఏమి రాయాలా?"

"నోర్మా ఏం చెబితే అది."

అతను మొహం ముడుచుకున్నాడు. నాకు జాలి వేయలేదు.

రోహానీ

బుంగా మనవరాలు రోహానీ తాపా దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. కుటుంబం ఒప్పుకోకుండా నేను ఈ నాటకం ఆడనని మొదటి రోజే చెప్పాను. హమీద్ సరేనని తలూపి మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. ఆమెను రిహార్సల్‌కు పిలిచాను.

రోహానీ వచ్చి వెనక వరసలో కూర్చుంది. నోర్మా ఎప్పటిలాగే ఏడిచింది. అయిపోయాక అందరూ రోహానీ వైపు చూశారు. ఆమె సంచీలో మంచినీళ్ళ సీసా వెతుక్కుంటోంది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కుంటోందని హమీద్ అనుకున్నట్టున్నాడు, సంతోషంగా ముందుకు వంగాడు.

"ఈవిడ మా అవ్వ కాదు," అంది రోహానీ.

"మరి ఎలా ఉండాలో చెప్పండి, మార్చేద్దాం," అన్నాడు హమీద్.

"నాకెలా తెలుస్తుంది? నేను పుట్టేసరికే ఆమె పోయింది. కానీ మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఇలా ఉండరు. మా అమ్మ ఉండదు, నేను ఉండను. ఇలా ఆడేటట్టయితే ఆమె పేరు తీసేయండి. మా ఊరి పేరు కూడా."

ఆమె వెళ్ళిపోయాక హమీద్ గట్టిగా ఊపిరి వదిలాడు. "కాగితం ప్రభుత్వానిది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోస్టర్లు అచ్చయిపోయాయి."

"ఆమె ఒప్పుకోకపోతే నేను తప్పుకుంటాను."

"ఈ వయసులో బెదిరింపులేమిటి కక్?"

"బెదిరింపు కాదు. చెబుతున్నాను."

"తప్పుకో అయితే. నోర్మాకు డైలాగులు వచ్చేశాయి."

ఆ రాత్రి నాకు నిద్ర లేదని రాస్తే బావుంటుంది కానీ, పడుకున్నాను. పొద్దున లేచి మాత్రం చాలా కోపంగా ఉన్నాను. ఒక మనిషి బతికుండగా ఎవరూ ఆమె మాట వినలేదు. ఇన్నేళ్ళ తరవాత ఆమె మనవరాలి మాట వినడానికి కూడా ఎవరికీ తీరిక లేదు, పోస్టర్లు అచ్చయిపోయాయి కాబట్టి. రోహానీకి ఫోన్ చేసి, ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను.

"మామయ్య ఉన్నాడు," అంది అయిష్టంగా. "విచారణ రోజు అవ్వ పక్కనే కూర్చున్నాడట, అప్పుడు చిన్నవాడు. కానీ కక్, ఆయన్ని భరించడం కష్టం. నోరు మూయడు. సగం కోతలు."

"తీసుకురా," అన్నాను. "ఇక్కడ అందరూ అంతే."

బా లోంగ్ వచ్చిన రోజు

సెమాయ్‌లలో మగవాళ్ళను బా అంటారు. రోహానీ మామయ్య బా లోంగ్ దురియన్ పళ్ళ వ్యాపారం చేసి బాగుపడినవాడు. పికప్ వ్యానులో దిగాడు. దిగీ దిగగానే కుర్చీ బాగాలేదన్నాడు, టీలో పంచదార తక్కువన్నాడు, దొర వేషం వేసినతన్ని చూసి దొరకు ఎర్ర గడ్డం ఉండేదన్నాడు.

"పోయినేడు మీసాలన్నావు," అంది రోహానీ.

"రెండూ ఉండేవి."

తప్పుకునే ముందు ఇదొక్కటీ చూడాలని, నేను గడ్డం సంగతి వదిలేసి రిహార్సల్ మొదలుపెట్టించాను. దొర అడిగాడు. నోర్మా కళ్ళు నిండాయి. పెదవి వణికింది. "లా...రీలు..."

"ఎవరు పోయారని ఏడుస్తోంది?" అన్నాడు బా లోంగ్ గట్టిగా.

నోర్మా ఉలిక్కిపడింది. "పిల్లలు చనిపోయారు కదా, పాక్‌చిక్," అంది, బాబాయ్ అన్నట్టు.

"పోయారు. నా చెల్లెలు పోయింది. అప్పుడు ఏడిచింది మా అమ్మ, ఎవరూ చూడకుండా. ఆవేళ ఏడవలేదు. ఆవేళ ఆమెకు ఒళ్ళు మండింది."

బా లోంగ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టారు," అన్నాడు. "ముందు ఒక కుర్ర దొర వచ్చి అడిగాడు, ఇష్టంతో వచ్చారా అని. చెప్పింది. తరవాత పోలీసు అడిగాడు. చెప్పింది. ఆ తరవాత లోపలికి పిలిచి ఈ పెద్ద దొర అదే అడిగాడు. చెప్పింది. వాడు మళ్ళీ అడిగాడు! నా మణికట్టు ఆమె చేతిలో ఉంది. లారీలు వచ్చాయి అన్నప్పుడల్లా ఇంకా గట్టిగా నొక్కింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు కాదు. బయటికొచ్చాక మా భాషలో ఏమందో తెలుసా? ఈ మనిషికి చెవులున్నది టోపీ జారకుండా ఉండటానికేనా అంది."

రోహానీ నవ్వేసింది. నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదెప్పుడూ నాకు చెప్పలేదేం మామయ్యా?"

"నువ్వెప్పుడూ గడ్డం గురించే పోట్లాడతావు."

నేను రాతప్రతి తీసి చూశాను. పొద్దున వచ్చిన దొరకు చెప్పాను. అది అక్కడే ఉంది, అందరం చదివాం, హమీద్ అయితే దాన్ని కూడా కొట్టేద్దామన్నాడు. ఆమె తికమకపడలేదు. అడిగినవాడు నచ్చిన జవాబు వచ్చేదాకా అడిగాడు, ఆమె ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఆ ముక్క రాయించాడు.

"నోర్మా," అన్నాను, "ఇదే మళ్ళీ చెయ్యి. ఏడవకు. విసుక్కో."

నోర్మా నన్ను చూసి, బా లోంగ్‌ను చూసి, ముక్కు తుడుచుకుంది. "ఇది ముందే చెప్పొచ్చుగా కక్! నాకు ముగ్గురు పిల్లలు, అత్తగారు, ఉదయం అయిదింటికి షూటింగ్. ఏడవడం కంటే విసుక్కోవడం నాకు బాగా వచ్చు."

చేసింది. రెండోసారి లారీలు వచ్చాయి అన్నప్పుడు, దొర వేషగాడు తన ప్రశ్న మర్చిపోయాడు. మూడోసారికి డేవిడ్ పెన్ను ఆగిపోయింది. హమీద్ లేచి వెళ్ళి, తనంతట తనే పొగ మెషీను ప్లగ్గు పీకేశాడు. పీకినవాడు నాకు సారీ మాత్రం చెప్పలేదు.

తెలుక్ ఇంటాన్ హాల్లో

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటున్నారా? సూర్యనారాయణ గారు ఉన్నారు కదా.

రిహార్సల్ వీడియో ఎవరో ఆయనకు పంపించారు. వెంటనే ఫోన్. "ఏటిది ఎస్తేరమ్మా? ఆ సివర మాట మా తాత సదువుతుంటే వొంటికి కారం రాసినట్టుంది. ఆమె సక్కగా సెప్తంటే ఈయన తికమక అని రాసినాడేటి? తీసీయండి లా!"

"కాగితంలో ఉంది అన్నా. చెప్పింది దొర. రాసింది మీ తాతగారు."

"అయితే ఏడిపించండి, మా తాత బాధ తెలుత్తాది."

"ఆయన ఏమనుకున్నాడో ఎక్కడా లేదు. ఏడిపిస్తే అబద్ధం, నవ్విస్తే అబద్ధం."

"మరి ఏటి సేత్తాడు?"

"రాస్తాడు."

ఫోన్ పెట్టేశారు.

మొదటి ఆట తెలుక్ ఇంటాన్‌లో. ఇక అవ్వ పేరు ఉంచుకోమన్న రోహానీ తన ఊరి వాళ్ళను బస్సులో తీసుకొచ్చింది, మధ్య వరసల నిండా కూర్చున్నారు. సూర్యనారాయణ గారు ముందు వరసలో ఉన్నారు. దొర మూడోసారి అదే ప్రశ్న అడిగేసరికి, నోర్మా నోరు తెరవకముందే మధ్య వరసలోంచి ఒక ముసలావిడ లేచి, "లారీలు వచ్చాయని చెప్పింది కదా!" అని మలయ్‌లో అరిచింది. హాలంతా నవ్వింది. దొర వేషగాడు బిక్కచచ్చిపోయాడు. నోర్మా కంగారుపడలేదు. ఆ ముసలావిడ వైపు చెయ్యి చూపించి, దొర వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూసి, అప్పుడు తన మాట చెప్పింది.

తరవాత డేవిడ్ లేచి చదివాడు. సాక్షి తికమకపడుతోంది.

మళ్ళీ నవ్వారు. కానీ ఆ నవ్వు వేరు. బా లోంగ్ నవ్వలేదు. డేవిడ్ కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏ ఫీలింగూ పెట్టలేదు. అంత బాగా అతను మళ్ళీ ఎప్పుడూ నటించలేదు.

ఆట అయ్యాక సూర్యనారాయణ గారు టీ తాగకుండా కారెక్కి వెళ్ళిపోయారు. "ఆయన డబ్బుతో అనుకున్న ఇపో ఆట పోయినట్టే," అన్నాడు హమీద్. "సంతోషమేనా కక్?"

"ఆట బాగా వచ్చింది," అన్నాను. నిజానికి సంతోషం లేదు. ఇంతమందితో పోట్లాడి ఒక మనిషి మాటను ఉన్నదున్నట్టు నిలబెట్టాక, మిగిలేది సంతోషం కాదు, ఒళ్ళునొప్పులు.

ఇపో

కొన్ని వారాల తరవాత ఆయనే ఫోన్ చేశారు. గొంతు తగ్గి ఉంది.

"మా పెద్దోళ్ళందరినీ అడిగినాను ఎస్తేరమ్మా. తాత ఆ ఉజ్జోగం గురించి ఇంట్లో ఒక్క మాట సెప్పలేదంట. ఏటి అనుకున్నాడో ఎవులికీ తెల్దు."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"తెల్దు కాబట్టి మీరన్నట్టే రాయనీండి. ఇపోలో ఎయ్యండి. బేనర్ మీద నా పేరు మటుకు పెద్దగా ఉండాల."

పెట్టించాం. దూరం నుంచే కనిపించేంత పెద్దగా.

ఇపో ఆటకు ఆయన కుటుంబమంతా వచ్చింది. నేను అలవాటు ప్రకారం ముందు వరస పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. డేవిడ్ ఆ చివరి ముక్క చదవగానే, సూర్యనారాయణ గారి భార్య ఆయన వైపు వంగింది. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు. "ఏటన్నాడు?" అని అడిగింది.

ఆయన మెల్లగా చెప్పారు. ఆవిడకు వినబడలేదు. "ఏటి?"

దాంతో ఆయన గొంతు పెంచక తప్పలేదు. ఆ వరసంతా తిరిగి చూసింది.

"ఆమె సరిగ్గానే సెప్పినాది లా," అన్నారు. "మనోళ్ళే తప్పు రాసినారు."